దొరవారి వంశవృక్షం, మా మేనరికం

ఏడో తరగతి సాంఘిక శాస్త్రం పరీక్షలో మొగలాయి పాదుషాల వరుస రాయమంటే, నేను కొడుకును తీసుకెళ్ళి తండ్రికి తండ్రిని చేశాను. ఒక పాదుషాకైతే మనవలు పుట్టాక పెళ్ళి చేశాను. మా సారు ఆ పేపరు క్లాసులో అందరికీ చదివి వినిపించి, "వీడు ఇంకో పేజీ రాస్తే ఢిల్లీల మన ఊరికి కూడ వాటా వస్తుండె" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. మరుసటి ఏడు బడి మానేసి హైదరాబాదులో ఏసీ గాలి పోయే రేకు డక్టులు చేసే షెడ్డులో చేరాను.

అట్లాంటి నా చేతికి ముప్పై ఏళ్ళ తర్వాత సౌదీలో ఒక ఇంగ్లండు దొర తన వంశం మొత్తం అప్పజెప్పాడు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఆయన గోడమీది కాగితాన్ని తడిపి పాడుచేసింది నేనే.

దమ్మామ్ బయట విదేశీ ఇంజనీర్లు ఉండే విల్లాల కాంపౌండులో నాది మెయింటెనెన్సు పని. ఏసీలు, డక్టులు, మధ్యమధ్య కారే కుళాయిలు. ఆ దొరకు భార్య పోయింది, ఒక్కడే ఉండేవాడు. భోజనాల గదిలో ఒక గోడ మొత్తం తెల్ల కాగితం అతికించి దాని నిండా పేర్లు, గీతలు, గడులు గీసుకున్నాడు. పైన ఏసీ నీళ్ళ పైపు విప్పిన నేను కింద బకెట్టు పెట్టడం మరిచిపోయాను. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ అత్తగారు కలిసి నీలం రంగు ధారగా గోడ దిగి నేలమీదికి వచ్చారు.

పని పోయిందనే అనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని ఆ మరకను చాలాసేపు చూశాడు. చివరికి, "బతికున్నన్నాళ్ళు ఈ ఇద్దరికీ మాటల్లేవు. ఇన్నాళ్ళకు కలిశారు" అన్నాడు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషు, నేను మాట్లాడేది పద్దెనిమిదేళ్ళ గల్ఫులో చెవిన పడ్డ ఇంగ్లీషు. అందుకని ఆయన మాటలు నాకు అర్థమైన తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే ఆయనవి కావు.

ఆ గీతలు మళ్ళీ గీసి ఇస్తానన్నాను. ఆయన చేతులు వణుకుతాయి, పాత గీతలన్నీ పాము నడిచినట్టున్నాయి. నాకు చదువు రాదు కానీ గీత వచ్చు. రేకు మీద డక్టు మార్కు చేసేవాడి గీత వెంట్రుకంత పక్కకు పోయినా మూలలు కలవవు, రేకంతా దండగ. అట్లా ప్రతి శుక్రవారం పొద్దున టీ తాగాక దొర ఇంటికి వెళ్ళడం మొదలైంది. ఆయన పాత ఉత్తరాలు, చర్చి పుస్తకాల నకళ్ళు ముందేసుకుని చదివేవాడు. నేను గీసేవాణ్ణి.

మొదటి వారంలోనే నాకు సంగతి అర్థమైంది. వాళ్ళది పల్లెటూరి భూస్వాముల వంశం. రెండు ఇళ్ళు. ఒకటి గుట్టమీది ఇల్లు, ఇంకోటి ఏటి ఒడ్డు ఇల్లు. గుట్టమీది పిల్లను ఏటి ఒడ్డుకు ఇవ్వడం, మరుసటి తరంలో ఏటి ఒడ్డు పిల్లను గుట్టమీదికి తెచ్చుకోవడం. చూడగానే నాకు మా షెడ్డు గుర్తొచ్చింది. పెద్ద డక్టు, దానికి రెండు కొమ్మలు, ఆ కొమ్మలు మళ్ళీ తిరిగొచ్చి అసలు డక్టులోనే కలుస్తున్నాయి. గాలి బయటికి పోకూడదని మేము చేసే పనే వాళ్ళు పొలాలు బయటికి పోకూడదని చేశారు.

"భూమి మొత్తం పెద్ద కొడుక్కే" అని చెప్పాడు దొర.

"మరి చిన్నోళ్ళకు సార్?"

"ఒకడు సైన్యంలోకి, ఒకడు చర్చిలోకి. మిగిలినవాడు ఓడెక్కి వేరే దేశానికి."

"అంటే మా లెక్కనే గల్ఫు అన్నట్టు" అన్నాను. దానికి నవ్వి ఇంకో కప్పు టీ పోశాడు. ఒక చిన్న కొడుకైతే భార్య తరఫు ఆస్తి కోసం తన ఇంటి పేరు వదులుకుని అత్తగారింటి పేరు పెట్టుకున్నాడట. ఇల్లరికం అల్లుడు మా ఊళ్ళో తలదించుకుని నడుస్తాడు. వాళ్ళ దగ్గర గుర్రమెక్కి నడిచాడు. తేడా అంతే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆయన అన్నింటికీ "కజిన్" అనేవాడు. ఇతను కజిన్‌ను పెళ్ళి చేసుకున్నాడు, ఈమె కజిన్‌ను చేసుకుంది. నేను పెన్ను పక్కన పెట్టి అడిగేవాణ్ణి, "ఏ కజిన్ సార్? మేనమామ బిడ్డనా, చిన్నాయన బిడ్డనా?" మా దగ్గర ఒకరు పెళ్ళాం అవుతారు, ఇంకొకరు చెల్లె అవుతారు. రెండింటికీ ఒకే మాట వాడి మనిషి ఎట్లా బతుకుతాడో నాకు అర్థం కాలేదు. ఆయనకేమో ఈ రెండింటికీ తేడా ఎందుకో అర్థం కాలేదు. ఆయన వేలు పెట్టి చూపించిన ఒక జంట సొంత అన్నదమ్ముల పిల్లలు. చెల్లెను చేసుకున్నాడని చెప్పి నేను రెండు చెంపలూ వాయించుకున్నాను. ఖతీఫ్ నుంచి వచ్చే మా సౌదీ మేనేజరుకు మర్నాడు ఈ ముచ్చట చెప్తే, ఆయన నన్నే వింతగా చూశాడు. ఆయన భార్య ఆయన సొంత చిన్నాయన కూతురు. "వేరే ఎవరిని చేసుకుంటారు మరి?" అన్నాడు. లోకంలో తప్పు చేస్తున్నది ఎవరో నాకు ఆ రోజు తేలలేదు. కానీ మేనమామ బిడ్డే అసలైన వరుస అని మాత్రం గట్టిగా అనుకున్నాను.

ఎందుకు గట్టిగా అనుకున్నానంటే నా బిడ్డ ఉంది.

నా బిడ్డ పుట్టిన పదకొండో రోజు మా అక్క వచ్చి, పిల్లను తన ఒళ్ళో వేసుకుని, పక్కన మట్టిలో ఆడుకుంటున్న తన కొడుకును పిలిచి, "ఇగో, నీ పెండ్లాం వచ్చిందిరా" అంది. అందరం నవ్వాము. కానీ అది నవ్వులాట కాదు. మా దగ్గర అక్కకు తమ్ముడి బిడ్డమీద హక్కు ఉంటుంది, తమ్ముడికి అక్క మాటమీద నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకంతోనే ఆ మేనల్లుణ్ణి నేను సౌదీకి తెప్పించాను, మా కంపెనీలోనే పెట్టించాను, నా రూములో నా మంచం పక్క మంచం ఇప్పించాను. మూడేళ్ళుగా నా చేతి వంట తిన్నాడు. "మామా, పులుసుల ఉప్పు తక్కువైంది" అంటే, "మీ మామ బిడ్డ వచ్చి ఎక్కువ వేస్తది తీయ్, ఆగు" అనేవాణ్ణి. రూములో మిగిలిన ఐదుగురూ నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు. ఇప్పుడు తలచుకుంటే వాడు పళ్ళెంలోకి చూస్తూ నవ్వేవాడు.

దొర గోడమీద నేను ఒక పద్ధతి కనిపెట్టాను. మేనరికం పెళ్ళికి చిన్న సున్నా, పాలోళ్ళలో, అన్నదమ్ముల పిల్లల మధ్య జరిగిన పెళ్ళికి చిన్న ఇంటూ. నాలుగు శుక్రవారాలు ఇట్లా పెట్టుకుంటూ పోతే ఆయన దూరం జరిగి గోడ చూసి కుర్చీలో కూలబడ్డాడు. గుట్టకూ ఏటికీ మధ్య పెళ్ళిళ్ళలో దాదాపు అన్నీ సున్నాలే. ఇంటూలు ఉన్నచోట ఆ తర్వాత కోర్టు తగాదాలు. పదిహేనేళ్ళుగా వెతుకుతున్నాడట ఆయన ఈ వరుస. మేనత్త కొడుక్కు పిల్లనిస్తే రెండిళ్ళూ కలిసి ఉన్నాయి, అన్నదమ్ముల మధ్య ఇచ్చిపుచ్చుకుంటే ఉన్నది పగిలింది. "నిన్ను ఎక్కడ చదివించారు?" అని అడిగాడు. "ఏడో తరగతిల సార్. రెండుసార్లు చదివించిండ్రు" అన్నాను.

ఒక్కచోట మాత్రం గొలుసు తెగింది. గుట్టమీది పిల్లను ఏటి ఒడ్డున ఉన్న మేనత్త కొడుక్కు అనుకున్నారు. ఉత్తరాలున్నాయి, రెండిళ్ళ మధ్య మాట అయిపోయింది. ఆఖరికి ఆ పిల్లవాడు పట్నంలో ఒక బ్యాంకు యజమాని కూతుర్ని చేసుకున్నాడు. గుట్టమీది పిల్ల అన్నగారింట్లోనే ముసలిదై పోయింది. ఆ తర్వాత ఒక తరం పాటు రెండిళ్ళూ ఒకే చర్చిలో రెండు పక్కల కూర్చున్నాయట.

"గీ పిలగాడు పచ్చి మోసగాడు సార్" అన్నాను.

"అతను మా ముత్తాత" అన్నాడు దొర. "అతను మోసం చేయకపోతే నేను పుట్టేవాణ్ణి కాదు, నువ్వు నా గోడ తడిపేవాడివి కాదు."

అయినా నాకు కోపం తగ్గలేదు. వందేళ్ళ కింద చచ్చిపోయిన ఆ మనిషి మీద ఆ వారమంతా కోపంగా ఉన్నాను. రూముకు వచ్చి మా అల్లుడికి చెప్పాను. "చూసినవారా, ఇచ్చిన మాట తప్పితే నూరేండ్లైనా కాగితం మీద కనవడ్తది" అని. వాడు ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. కళ్ళు తుడుచుకుని, "ఔ మామా" అన్నాడు.

ఆ రోజుల్లోనే వాడికి ఖతీఫ్ దగ్గర వేరే కంపెనీలో మంచి పని దొరికింది. మా కంపెనీ ఒప్పుకుంటేనే ట్రాన్స్‌ఫర్ అవుతుంది, మా మేనేజరేమో ఎవర్నీ వదలడు. నేను వెళ్ళి ఆయన గది బయట రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు, "సార్, వాడు నా అల్లుడు, నా బిడ్డకు కాబోయే మొగుడు, మీరు ఆపితే నా బిడ్డ జీతం ఆపినట్టే" అన్నాను. మేనేజరు నవ్వాడు. కుటుంబం మాట వస్తే సౌదీలకు మనసు కరుగుతుంది. కంప్యూటరులో ఒప్పుకున్నట్టు నొక్కాడు. నేను రూముకు పరుగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకుని తిప్పాను. వాడు నాకంటే బరువు, నడుం పట్టేసింది.

తర్వాతి శుక్రవారం దొర నా ముందు ఒక పెద్ద కాగితం పరిచాడు. "నా వాళ్ళందరినీ గీశావు. ఇప్పుడు నీ వాళ్ళను గీయి" అన్నాడు. ఆయనకు ఒక నియమం ఉంది. చర్చి పుస్తకంలో దొరికిన పెళ్ళికే పెన్నుతో జోడు గీత. మాట వరకే ఉంటే పెన్సిలు. నేను మా తాత ముత్తాతల నుంచి మొదలుపెట్టి కిందికి వచ్చాను. మా అవ్వ తల్లిగారి పేరు తెలియక అక్కకు ఫోన్ చేశాను.

"ఇప్పుడు గవన్నీ ఎందుకు తమ్మీ?" అంది అక్క.

"మన పెద్దోళ్ళందరిని కాగితం మీద ఎక్కిస్తున్న అక్కా. నీ కొడుకుదాక వచ్చిన."

"వంట పొయ్యిమీదుంది, మల్ల మాట్లాడుత" అని పెట్టేసింది.

చివరి వరుసలో నా బిడ్డకూ అల్లుడికీ మధ్య పెన్నుతోనే జోడు గీత గీశాను. దొర పెన్సిలు చూపించాడు. "మా దగ్గర అక్క అన్న మాటంటే చర్చి పుస్తకమే సార్" అన్నాను. ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం రూముకు వచ్చి ఆ కాగితం ఫొటో తీసి ఫోనులో మా కుటుంబం గ్రూపులో పెట్టాను. కింద, "మన వంశవృక్షం. దీన్ని నీళ్ళు పోసి పెంచింది మన పెద్దోళ్ళు, తడిపి చెడగొట్టకుండ గీసింది నేను" అని రాశాను. నేను ఏది పెట్టినా ఆ గ్రూపులో క్షణం ఆగకుండా నవ్వులు పడతాయి. మా వాళ్ళందరికీ నేను ఉచిత సినిమా. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. చూసినట్టు గుర్తులు మాత్రం ఒక్కొక్కటే పడ్డాయి. అక్క చూసింది. బావ చూశాడు. మా ఇంటామె చూసింది. నేను ఫోను కిందపెట్టి అన్నం వార్చి మళ్ళీ తీశాను.

బహ్రెయిన్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకు ఒక్కడే రాశాడు. "అన్నా, మస్తుగ గీసినవ్. ఒక్క తప్పు వడ్డది. అల్లుని పక్కన మెట్‌పల్లి పిల్ల పేరుండాలె గదా, పోయిన నెల నిశ్చయం జేసుకున్నరు. సరిజేసి మల్ల పెట్టు."

నేను చదువుతుండగానే ఆ మాటలు మాయమై, సందేశం తొలగించారని వచ్చింది. ఎవరో వాడికి ఫోన్ చేసి తిట్టినట్టున్నారు. వాడిది తప్పేముంది. అందరికీ తెలిసిన విషయం నాకూ తెలుసనుకున్నాడు. నా బతుకులో అంత మర్యాదగా నా తప్పు దిద్దినవాడు ఇంకొకడు లేడు.

అల్లుడు కంచాలు కడుక్కుని లోపలికి వచ్చాడు. ఫోను వాడి ముందు పెట్టాను. అక్కడ ఇప్పుడు చదవడానికి ఏమీ లేదు. అయినా చదివాడు.

"నిజమేనా?"

"మామా…"

"నిజమేనారా?"

"అమ్మ ఆగుమన్నది మామా. ట్రాన్స్‌ఫర్ అయ్యేదాక నీకు చెప్పొద్దన్నది."

మేనేజరు గది బయటి కుర్చీ, అందులో నేను కూర్చున్న రెండు రోజులు, నా బిడ్డ పేరు చెప్పి నవ్వించిన మాట, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. నేను ఏమన్నా అడ్డం పడతానని నాకు చెప్పలేదు. ఆ అడ్డం తీయించుకున్నది నా చేతనే. రూములో మిగిలిన ఐదుగురూ ఎవరి మంచం మీద వాళ్ళు పడుకుని ఫోన్లలోకి చూస్తున్నారు. ఒక్కడూ "ఏమైంది" అని అడగలేదు. వాళ్ళకూ తెలుసన్నమాట. నేను పులుసులో ఉప్పు గురించి జోకు వేసినప్పుడల్లా వాళ్ళు దేనికి నవ్వారో అప్పుడు అర్థమైంది.

"మామా, ఒక్కసారి ఇంట్ల అడుగు" అన్నాడు అల్లుడు.

"ఇంట్ల ఎవర్నిరా అడిగేది? ఇంటికి పెద్దను నేను. నన్ను అడిగినవా నువ్వు?"

వాడు చేతిలోని కంచాలు బోర్లించాడు. ఆ సాయంత్రమే సంచి సర్దుకుని ఖతీఫ్ కంపెనీ వ్యాను ఎక్కాడు. వెళ్ళేముందు నా కాళ్ళకు దండం పెట్టబోతే కాళ్ళు మంచం మీదికి తీసుకున్నాను.

అక్కకు నేనే ఫోన్ చేశాను. ఈసారి పొయ్యిమీద ఏమీ లేదు, వెంటనే ఎత్తింది. ఏడుస్తూ ఎత్తింది.

"తిట్టు తమ్మీ. తిడితే వడ్త."

"తిట్టనక్కా. ఒక్కటే చెప్పు. నేను వాని పని చెడగొడ్తననుకున్నవా?"

"నీకు కోపమొస్తే ఏం జేస్తవో అని భయపడ్డ. పిలగాని బతుకు ఆడ నీ చేతిల ఉండె."

"అక్కా, నేను వాని మేనమామను, వీసా ఇచ్చిన కఫీల్‌ను కాదు. పాస్‌పోర్టు గుంజుకునే షేకును జేసినవు నన్ను."

నా దగ్గర ఇంకో జోకు లేదు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి వచ్చినప్పుడు నాయన చూడకుండా నన్ను చీర కుచ్చిళ్ళ వెనక దాచిన అక్క. ఎవర్ని ఎవరి నుంచి దాచాలో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈసారి తన కొడుకును నా నుంచి దాచింది.

శుక్రవారం వచ్చింది. వెళ్ళొద్దనుకుంటూనే దొర ఇంటికి వెళ్ళాను. నా కాగితం బల్లమీద అట్లాగే ఉంది. పెన్ను తీసుకుని ఆ జోడు గీత మీద అడ్డంగా కొట్టేశాను. కాగితం చిరిగింది. దొర ఏమైందని అడిగితే చెప్పాను. సగం ఇంగ్లీషు, సగం హిందీ, చివర్లో తెలుగే. ఆయనకు అంతా అర్థమైంది. తన గోడ దగ్గరికి వెళ్ళి ముత్తాత పేరు పక్కన చుక్కలతో గీసిన గీత చూపించాడు. తెగిపోయిన మాటను అట్లా చుక్కలతో ఉంచుతారట, చెరిపేయకుండా.

"మీకు నూరేండ్లు గడిచినయి సార్" అన్నాను. "నాకు వారమే అయింది."

టీ కూడా తాగకుండా వచ్చేశాను. దారంతా నా బిడ్డ ముఖమే. గుట్టమీది ఇంట్లో అన్నగారి పంచన ముసలిదైపోయిన ఆ పిల్ల ముఖం నాకు తెలియదు, అందుకని ఆమెకు కూడా నా బిడ్డ ముఖమే పెట్టుకున్నాను. ఇంతమంది మధ్య దానికి ఎంత అవమానం, ఎన్ని రోజుల నుంచి ఎవరికీ చెప్పుకోలేక ఏడుస్తోందో అనుకుంటూ నడిచాను. దాన్ని ఎట్లా ఓదార్చాలో మాటలు కూడబెట్టుకుని, రెండు మూడుసార్లు లోలోపల చెప్పి చూసుకుని, రూముకు పోకుండా కాంపౌండు గోడ నీడలో కూర్చుని ఫోన్ చేశాను. మా ఇంటామె ఎత్తింది. నేను ఏమీ అడగకుండానే, "బిడ్డకు ఇస్తున్న" అంది.

"బాపూ" అంది నా బిడ్డ. ఆ గొంతులో ఏడుపు లేదు. నాకు వినపడలేదేమో అనుకున్నాను.

"ఏడ్వకు బిడ్డా. మీ అత్త మనల్ని మోసం జేసింది. పుట్టినప్పటి సంది మాటిచ్చి, అందరు కలిసి మనల్ని…"

"మనల్ని అనకు బాపూ, నిన్ను అను" అంది. "ఇరవై రెండేండ్ల సంది మీరందరు నాకు చెప్పుడే గని, నన్ను అడిగింది బావ ఒక్కడే. నేనే వద్దన్న."